చిన్న ఊరి జట్టు

పెద్ద ఊరికి పెద్ద జట్టు, చిన్న ఊరికి చిన్న జట్టు అని లోకము తీర్మానించి చాలకాలమైనది. ధనము, జనము, పత్రికలు, వర్తకము అన్నియు మహానగరములకే చేరును గనుక ఆటలందలి కీర్తియు అచటికే చేరుట న్యాయమని పలువురు తలంతురు. ఈ తలంపు సరియైనది కాదని నా అభిప్రాయము. ఊరక అభిప్రాయమని చెప్పినంత మాత్రమున విద్యార్థులు నమ్మవలసిన పని లేదు. కనుక జర్మనీ దేశమందలి ఒక చిన్న పట్టణపు ఫుట్‌బాల్ సంఘము కథను మీ ముందుంచెదను. కథ విన్న పిమ్మట నా మాటను మీరే తూచి చూడుడు.

జర్మనీ దేశపు దక్షిణభాగమున బాడెన్-వ్యుర్టెంబర్గ్ అను రాష్ట్రము కలదు. అందు స్వాబియన్ ఆల్బ్ అని పేరుగల సున్నపురాతి కొండల నడుమ, బ్రెన్ట్స్ అను చిన్న యేటి ఒడ్డున, హైడెన్‌హైమ్ పట్టణము వెలసినది. ఆ యేరు కొంతదూరము పాఱి డాన్యూబు మహానదిలో కలియును. పట్టణమునందలి జనసంఖ్య ఇంచుమించు 50,000. ఊరికి ఎగువన కొండమీద హెలెన్‌ష్టైన్ అను పాతకోట నిలిచియున్నది. ఆ కోటకొండ మీదనే ఈ ఊరి జట్టు ఆడు క్రీడాంగణమును కలదు. అది సముద్రమట్టమునకు 555 మీటర్ల ఎత్తున నున్నది. జర్మనీలో ఆటయే వృత్తిగా గల జట్ల క్రీడాంగణములలో అంతకంటె ఎత్తైనది మఱియొకటి లేదు. అందు 15,000 మంది కూర్చుండియు నిలుచుండియు ఆట చూడవచ్చును. అనగా ఊరిలోని ప్రతి పదిమందిలో ముగ్గురికి అచట చోటు దొరకును. బెర్లిన్ నగరమున ఈ లెక్కను పాటింపవలెనన్నచో పదిలక్షల మందికి పైగా పట్టు క్రీడాంగణము కట్టవలసివచ్చును!

హైడెన్‌హైమ్ పనివారి ఊరు. ఇచట ఫోయిట్ అను యంత్ర కర్మాగారము 1867లో స్థాపితమైనది. కాగితము తయారుచేయు యంత్రములను, జలవిద్యుత్తు పుట్టించు చక్రయంత్రములను నిర్మించుటలో ఆ సంస్థకు ప్రపంచఖ్యాతి కలదు. గాయములకు కట్టు దూదిని, గుడ్డను తయారుచేయు హార్ట్‌మన్ కర్మాగారమును ఈ ఊరిదే. ఇనుమును కరగించువారు, మరలు బిగించువారు, లెక్కలు వ్రాయువారు వారమంతయు పనిచేసి, సెలవుదినమున కొండయెక్కి ఆట చూచుట ఇచటి అలవాటు. ఈ కర్మాగారముల సంగతి జ్ఞాపకముంచుకొనుడు. వాదము వచ్చినప్పుడు దానితో మనకు పని యున్నది.

ఈ సంఘపు పేరు చివర 1846 అను అంకె కనబడును. ఆ సంవత్సరమునాటికి ఫుట్‌బాల్ ఆట నేటి నియమములతో ఇంగ్లండులోనైనను రూపుగొనలేదు. 1863లో గాని ఆ నియమములు ఏర్పడలేదు. మఱి 1846లో పుట్టినదేమి? వ్యాయామ సంఘము. 19వ శతాబ్ది ఆరంభమున నెపోలియను సైన్యములు జర్మను రాజ్యములను త్రొక్కివేసినప్పుడు, ఫ్రీడ్రిఖ్ లూట్విఖ్ యాన్ అను ఉపాధ్యాయుడు 1811లో బెర్లిన్ వెలుపల ఒక బయలున వ్యాయామశాలను తెఱచెను. దూలములు, దండెములు, త్రాళ్లు, ఇవియే అచటి సాధనములు. శరీరమును బలపఱచుకొన్న యువకులు దేశమును నిలబెట్టుదురని ఆయన నమ్మిక. కొన్నియేండ్లకు ఆ యువకులు రాజులను ప్రశ్నింపసాగిరి. ప్రష్యా ప్రభుత్వము భయపడి 1820లో బహిరంగ వ్యాయామమునే నిషేధించెను. ఆ నిషేధము 1842 వఱకు సాగెను. దండెమునకు వ్రేలాడువారిని జూచి రాజు భయపడుట వింతగా తోచును గాని, ఆయన భయపడినది దండెమునకు కాదు, పదిమంది స్వేచ్ఛగా కూడుటకు.

నిషేధము తొలగిన పిదప జర్మను రాజ్యములందలి ఊరూర వ్యాయామ సంఘములు పుట్టినవి. హైడెన్‌హైమ్ సంఘము వానిలో నొకటి. అట్టి సంఘములలో సభ్యులు చందా కట్టుదురు, సభ జరుపుకొందురు, చేతులెత్తి అధ్యక్షుని ఎన్నుకొందురు. దేశమున ప్రజలకు ఓటు లేని కాలమున సంఘములో ఓటు ఉండెను. రెండేండ్ల తరువాత 1848లో జర్మను రాజ్యములందు ప్రజావిప్లవము రేగినప్పుడు వ్యాయామ సంఘముల యువకులు పలువురు దానిలో పాల్గొనుట యాదృచ్ఛికము కాదు. నేటికిని జర్మనీలో ఒక సంఘమును న్యాయస్థానమున నమోదు చేయింపవలెనన్నచో కనీసము ఏడుగురు సభ్యులు కావలెనని 1900లో అమలునకు వచ్చిన పౌరస్మృతి విధించుచున్నది. ఏడుగురు చాలును. ధనవంతుడొకడు చాలడు.

ఫుట్‌బాల్ ఆట ఇంగ్లండునుండి జర్మనీకి వచ్చినప్పుడు వ్యాయామ సంఘముల పెద్దలు దానిని మెచ్చలేదు. అది పరదేశపు ఆట యనియు, కాళ్లతో తన్నుట అనాగరికమనియు వారు ఆక్షేపించిరి. పిల్లలు వినలేదు. 1900లో లైప్‌సిగ్ నగరమున జర్మను ఫుట్‌బాల్ సమాఖ్య ఏర్పడినది. హైడెన్‌హైమ్‌లోను కాలక్రమమున బంతి పట్టినవారి సంఘములు పుట్టి, ఒకదానితో నొకటి చేరుచు, విడిపోవుచు వచ్చినవి. 1933లో హిట్లరు అధికారమునకు వచ్చిన తరువాత దేశమందలి క్రీడా సంఘములన్నియు ప్రభుత్వపు పిడికిలిలోనికి పోయినవి. ఎన్నిక పోయి నియామకము వచ్చెను. యూదులను సంఘములనుండి వెడలగొట్టిరి. ఆ పండ్రెండేండ్లలో దండెములు ఉండెను, బంతులు ఉండెను, మైదానములును ఉండెను. సంఘము మాత్రము లేదనియే చెప్పవలెను.

యుద్ధానంతరమున సంఘములు మరల లేచినవి. 1972లో హైడెన్‌హైమ్‌నందలి రెండు పెద్ద సంఘములు కలిసి ఒకటైనవి. ఆ ఉమ్మడి సంఘములో ఫుట్‌బాల్ ఒక శాఖ మాత్రమే. 2007 జనవరి 1వ తేదీన ఆ శాఖ విడివడి, 1. ఎఫ్.సి. హైడెన్‌హైమ్ 1846 అను పేర స్వతంత్ర సంఘమైనది. వేఱుపడిన కుమారుడు తాతగారి పేరు నిలుపుకొన్నట్లు, ఆ పాత సంవత్సరమును మాత్రము విడువలేదు.

ఇక జర్మను ఫుట్‌బాలు ఏర్పాటును కొంత వివరింపవలెను. లేనిచో ఈ కథలోని రుచి తెలియదు. ఆ దేశమున సుమారు 24,000 ఫుట్‌బాల్ సంఘములు కలవు. ఇవన్నియు ఒక నిచ్చెనమీది మెట్లవలె అంతస్తులుగా ఏర్పడియున్నవి. అన్నిటికంటె పై మెట్టు బుందెస్‌లీగా. అది 1963లో 16 జట్లతో ఆరంభమైనది. తరువాత 18 జట్లకు పెరిగినది. దాని క్రింద రెండవ బుందెస్‌లీగా, దాని క్రింద మూడవ లీగు, అటుపై ప్రాంతీయ లీగులు, జిల్లా లీగులు. ప్రతి సంవత్సరమును ప్రతి మెట్టునందు తొలి స్థానములు పొందినవారు పైకి పోవుదురు, కడపటివారు క్రిందికి దిగుదురు. పల్లెటూరి జట్టైనను వరుసగా గెలుచుచు పోయినచో ఒకనాటికి మ్యూనిక్ జట్టుతో తలపడవచ్చును. మ్యూనిక్ జట్టు వరుసగా ఓడుచు వచ్చినచో ఒకనాటికి పల్లెటూరి బయలున ఆడవలసివచ్చును. రెండవది ఇంకను జరుగలేదు. మొదటిది జరిగినది.

హైడెన్‌హైమ్ జట్టు చాలకాలము క్రింది మెట్లలోనే యుండెను. 2004లో గాని అది తన రాష్ట్రపు మేటి లీగునకు చేరలేదు. ఆనాటికి అది దేశమున నాల్గవ మెట్టు. ఆ కాలమున సంఘపు వ్యవహారములను చూచుచుండినవాడు హోల్గర్ సాన్‌వాల్ట్. ఆయన 1990ల నడుమ, పిన్నవయస్సుననే, ఫుట్‌బాల్ శాఖ భారము మీద వేసికొనెను. కర్మాగారముల చుట్టును, అంగళ్ల చుట్టును తిరిగి సంఘమునకు చేయూత అడుగుట ఆయన నిత్యకృత్యము.

2007 సెప్టెంబరున జట్టు ఆట చెడినది. శిక్షకుని తొలగించిరి. క్రొత్త శిక్షకుడు దొరకువఱకు రెండు ఆటలపాటు పని చూడుమని ఫ్రాంక్ ష్మిట్ అను నాతని నడిగిరి. ష్మిట్ ఆ ఊరివాడే. 1974లో అచటనే జన్మించెను. కొన్ని జట్లలో రక్షణస్థానమున ఆడి, కడపట స్వస్థలమునకు వచ్చి, ఆ వేసవియందే ఆట చాలించుకొనెను. గొప్ప ఆటగాడని పేరు లేదు. ఒక్క ముచ్చట మాత్రము చెప్పదగినది కలదు. 1994 ఆగస్టున వెస్టెన్‌బెర్గ్స్‌గ్రాయిట్ అను పల్లెజట్టు దేశపు కప్పు పోటీలో మ్యూనిక్ నగరపు బయర్న్ జట్టును ఒక గోలుతో ఓడించి దేశమును నివ్వెఱపఱచినది. ఆ పల్లెజట్టులో ఇరువదియేండ్ల ష్మిట్ కూడ నుండెను.

రెండు ఆటలకని వచ్చినవాడు వెడలిపోలేదు. మఱుసటి యేట, 2008లో, జట్టు పై లీగునకు పోయినది. 2009లో మఱియొక మెట్టెక్కి మూడవ లీగు చేరినది. అచట అయిదేండ్లు ఆడినది. 2014లో మూడవ లీగున ప్రథమస్థానము పొంది రెండవ బుందెస్‌లీగాలో అడుగుపెట్టినది. మార్క్ ష్నాటెరర్ అను ఆటగాడు 2008లో వచ్చి 2021 వఱకు ఆ జట్టుననే నిలిచి, దానికి నాయకత్వము వహించెను. 2019 ఏప్రిలున దేశపు కప్పు పోటీలో హైడెన్‌హైమ్ బయర్న్ జట్టుపై మ్యూనిక్‌లోనే ఆడినది. సగము ఆట ముగియునప్పటికి 2-1 గా ముందున్నది. తరువాత వెనుకబడినది. మరల 4-4 గా సమమైనది. చివరకు ఒక పెనాల్టీచే 5-4 గా ఓడినది. ఓడిన ఆ రాత్రియే ఈ చిన్న ఊరి పేరు దేశమంతట వినబడినది.

2020లో బుందెస్‌లీగా తలుపుదాక వచ్చినది. మూడవ స్థానము పొందిన జట్టు, పై లీగున కడనుండి మూడవదైన జట్టుతో రెండు ఆటలు ఆడి గెలిచినచో పైకి పోవును. ఆ యేడు ఆ యెదిరి బ్రేమెన్ నగరపు జట్టు. మహమ్మారి కాలము గనుక ప్రేక్షకులను రానీయలేదు. బ్రేమెన్‌లో ఎవరును గోలు చేయలేదు. హైడెన్‌హైమ్‌లో చెఱి రెండు గోళ్లు చేసిరి. రెండు ఆటలును సమానమే, హైడెన్‌హైమ్ ఓడలేదు. అయినను పరాయి ఊరిలో చేసిన గోలుకు విలువ హెచ్చు అను నాటి నియమముచే బ్రేమెన్ నిలిచినది, హైడెన్‌హైమ్ ఆగిపోయినది. అంతమంది కూర్చుండవలసిన కొండమీద ఆ సాయంకాలము ఖాళీ బల్లలే యుండెను. ఒక్క ఆటయు ఓడకయే ఓటమిని మోసికొనిపోవుట ఎట్టిదో ఊహింపుడు.

మూడేండ్లు గడచినవి. 2023 మే 28వ తేదీ. రెండవ బుందెస్‌లీగాలో కడపటి ఆటలు ఒకేసమయమున దేశమంతట సాగుచున్నవి. పైకి పోవు తిన్నని దారి ఇద్దఱికే. హైడెన్‌హైమ్ రేగెన్స్‌బుర్గ్ పట్టణమున ఆడుచున్నది. గెలిచినచో పైకి పోవును. గెలువనిచో ఆ స్థానము హాంబర్గు జట్టుది. హాంబర్గు ఎట్టి నగరమో తెలియునా? పదునెనిమిది లక్షలకు మించిన జనము గల మహారేవు. ఆ జట్టు బుందెస్‌లీగా పుట్టినది మొదలు 2018 వఱకు ఒక్క యేడును తప్పక అందు ఆడినది.

ద్వితీయార్ధమున కొంతదనుక హైడెన్‌హైమ్ రెండు గోళ్లు వెనుకబడి యుండెను. ఒక గోలు తగ్గినది. తొంబది నిమిషములు ముగిసినప్పటికిని రేగెన్స్‌బుర్గే ముందున్నది. అచట జాండ్‌హౌజెన్ అను వేఱొక ఊరిలో హాంబర్గు తన ఆటను గెలిచి ముగించినది. దాని అభిమానులు మైదానములోనికి దుమికి ఆటగాండ్రను కౌగిలించుకొని ఆనందబాష్పములు రాల్చిరి. కాని రేగెన్స్‌బుర్గ్‌లో ఆట ముగియలేదు. నిలిచిపోయిన కాలమునకు బదులుగా రిఫరీ కలిపిన నిమిషములు నడచుచున్నవి. మూడవ నిమిషమున హైడెన్‌హైమ్‌నకు పెనాల్టీ దొరకెను. యాన్-నిక్లాస్ బెస్టె దానిని గోలుగా మార్చెను. సమము. సమము చాలదు. తొమ్మిదవ నిమిషమున టిమ్ క్లైన్‌డీన్‌స్ట్ మూడవ గోలు చేసెను. జాండ్‌హౌజెన్ మైదానమున పండుగ చేసికొనుచున్నవారు ఒకరి ముఖము నొకరు చూచుకొనిరి. డార్మ్‌ష్టాట్ జట్టుతో సమానముగా 67 పాయింట్లు గలిగి, గోళ్ల లెక్కలో మిన్నయై, హైడెన్‌హైమ్ ప్రథమస్థానముతో బుందెస్‌లీగాకు పోయినది. ఆ లీగున ఆడిన జట్లలో అది 57వది.

ఈ సన్నివేశమును చెప్పువారు సాధారణముగా కడపటి గోలు మీదనే నిలిచిపోవుదురు. ఒక్క తన్నుతో కథ మాఱినదని వారి భావము. అది అదృష్టమని అనువారును కలరు. తొమ్మిదవ నిమిషమున బంతి ఎటు పోవునో ఎవరి చేతిలోను లేదు, నిజమే. కాని ఆ మైదానమునకు హైడెన్‌హైమ్ ఎట్లు వచ్చినదో అడుగవలదా? అప్పటికి ష్మిట్ శిక్షకుడై పదునాఱవ యేడు నడచుచుండెను. సాన్‌వాల్ట్ సంఘపు పని చేపట్టి పాతికేండ్లు దాటెను. 2020లో ఆ చేదు సాయంకాలము తరువాత శిక్షకుని మార్చవలెనని ఎవరును పట్టుపట్టలేదు. అదే కాలమున హాంబర్గు జట్టు ఎందఱు శిక్షకులను తెచ్చి, ఎందఱను పంపివేసినదో లెక్కించుటకు రెండు చేతుల వ్రేళ్లు చాలవు. ఇందు ఎవరి మార్గము సరియైనదో నేను దాచక చెప్పుదును: హైడెన్‌హైమ్ మార్గమే.

దీనికి ఎదురువాదము లేకపోలేదు. ఫుట్‌బాలులో ఓటమికి శిక్షకుడే బాధ్యుడనియు, అతనిని తొలగించినచో ఆటగాండ్రలో క్రొత్త ఉత్సాహము పుట్టుననియు యజమానులు అందురు. ఒక్కొక్కప్పుడు అట్లు జరుగుటయు కలదు. నేను దానిని కాదనను. కాని ఆ ఉత్సాహము ఎంతకాలముండును? క్రొత్తవాడు వచ్చి తన పద్ధతి నేర్పుసరికి మూడు ఓటములు కలుగును. మరల తలుపు చూపుదురు. ఇక పిన్న ఆటగాండ్రకు నేర్పుటకు తీరిక ఎవరికుండును? ష్మిట్ మాత్రము క్రింది లీగులలో ఎవరును కోరని ఆటగాండ్రను తీసికొని, పరుగును, ఓర్పును, ఒకరి తప్పు నొకరు కప్పుకొనుటను నేర్పెను. ఇది ఒక యేటిలో ఫలించు పంట కాదు. 2023లోనే ఆయన ఫ్రైబుర్గ్ జట్టు శిక్షకుడైన ఫోల్కర్ ఫింకె నెలకొల్పిన పదునాఱేండ్ల మేరను దాటి, జర్మను వృత్తి ఫుట్‌బాలులో ఒకే జట్టున అందఱికంటె ఎక్కువకాలము శిక్షకుడుగా నుండినవాడయ్యెను.

రెండవ ఎదురువాదము ధనమును గూర్చినది. "కర్మాగారములు లేకున్నచో ఈ ఊరి జట్టు ఎట్లు పైకి వచ్చును? క్రీడాంగణమునకు ఫోయిట్ పేరే పెట్టిరి కదా!" అని కొందఱందురు. ఇది బలమైన మాట. దీనికి నేను పూర్తిగా బదులు చెప్పజాలను. ధనము లేనిదే ఎవరును మేటి లీగునకు చేరలేదు, హైడెన్‌హైమ్‌ను చేరలేదు. ఎచటనో కర్మాగారము లేని కొండయూరిలో ఇంతకంటె ఓర్పుగల శిక్షకుడు, ఇంతకంటె నిజాయితీగల సభ్యులు ఉండి, నాల్గవ మెట్టుననే ఆగిపోయి యుండవచ్చును. వారిని గూర్చి ఎవరును వ్యాసము వ్రాయరు.

అయినను ధనము వచ్చు తీరులు రెండు కలవు. అదే రాష్ట్రమున హోఫెన్‌హైమ్ అను పల్లె కలదు. జనము సుమారు 3,000. ఆ పల్లెజట్టులో చిన్నతనమున ఆడిన డీట్‌మార్ హోప్ అను నాయన గణకయంత్రముల కార్యక్రమములు తయారుచేయు సంస్థను మిత్రులతో కలిసి స్థాపించి కోటీశ్వరుడై, తన జట్టునకు అపారమైన ధనమిచ్చెను. 2008లో ఆ జట్టు బుందెస్‌లీగా చేరినది. పుట్టినచోటును మఱువక ఇచ్చిన ఆయనను నిందించుట నాకిష్టము లేదు. కాని అది ఒకని చేతిలోని దీపము. చేయి వెనుకకు తీసికొన్ననాడు చీకటియే. హైడెన్‌హైమ్‌నకు వచ్చినది ఊరియందలి పెక్కు సంస్థల చేయూత. ఇచ్చినవారు ఇచ్చిరి, నిర్ణయము మాత్రము సభ్యులది.

జర్మనీలో దీనికొక కట్టుబాటును కలదు. 1998 వఱకు ఆ దేశపు జట్లన్నియు సభ్యుల సంఘములే. ఆ సంవత్సరమున ఫుట్‌బాల్ శాఖను వ్యాపార సంస్థగా మార్చుకొనుటకు అనుమతించిరి గాని, ఓట్లలో సగమునకు మించి ఒక్కటియైనను మాతృసంఘము చేతిలోనే యుండవలెనని నియమించిరి. కొలది జట్లకు మినహాయింపులు దొరకినవి. అవి నేటికిని తగవులకు కారణములే. ఇంగ్లండునందు ఇట్టి కట్టుబాటు లేదు. లండను నగరపు చెల్సీ జట్టును 2003లో ఒక రష్యా ధనికుడు కొనెను. 2022లో అది అమెరికావారు ముఖ్యులుగా గల కూటమికి అమ్ముడుపోయినది. అమ్మునప్పుడుగాని కొనునప్పుడుగాని ప్రతి శనివారము వానలో నిలిచి ఆట చూచువానిని ఎవరును అడుగలేదు. ఆ చెల్సీ జట్టే 2024 నవంబరున యూరపు ఖండపు పోటీలో భాగముగా హైడెన్‌హైమ్ కొండయెక్కి వచ్చి ఆడినది. రెండు గోళ్లతో గెలిచి పోయినది కూడ. ధనము ఓడునని నేను చెప్పుట లేదు. ధనము తఱచు గెలుచును.

హైడెన్‌హైమ్ యూరపు పోటీకి ఎట్లు చేరినదనగా, బుందెస్‌లీగాలో తొలియేటనే అది ఎనిమిదవ స్థానము పొందినది. పండితులు దానిని కడపటి స్థానమునకు కేటాయించియుండిరి. 2024 ఏప్రిలున బయర్న్ జట్టు ఆ కొండకు వచ్చి, సగము ఆట ముగియునప్పటికి రెండు గోళ్లతో ముందుండెను. తరువాత హైడెన్‌హైమ్ మూడు గోళ్లు చేసి 3-2 గా గెలిచినది. ప్రక్కన నిలిచి చూచుచున్న శిక్షకుడు ముప్పదియేండ్ల క్రితము పల్లెజట్టులో నుండి ఇదే బయర్న్‌ను ఓడించినవాడు!

ఇంతవఱకు చెప్పి ఆపినచో కథ తీయగా నుండును. కాని అది సగము కథ. చిన్న ఊరి జట్టు గెలిచినచో పెద్ద జట్లు చూచుచు ఊరకుండవు. ఆటగాండ్రకు ఎక్కువ జీతమిచ్చి పిలుచుకొనిపోవును. 2024 వేసవిలో క్లైన్‌డీన్‌స్ట్ మ్యోన్‌షెన్‌గ్లాడ్‌బాఖ్ జట్టునకు పోయెను. బెస్టె పోర్చుగల్ దేశపు బెన్‌ఫికాకు పోయెను. వారిని నిందింపరాదు, ఆటగాని కాళ్లకు ఆయుర్దాయము తక్కువ. సంఘమునకు ధనము వచ్చినది, జట్టునకు లోటు వచ్చినది. మఱుసటి యేట లీగు ఆటలకు తోడు యూరపు ఆటలును వచ్చిపడుటచే ఆటగాండ్రు అలసిరి. ఓటమి వెంట ఓటమి కలిగెను. "ఇక నైనను శిక్షకుని మార్చుడు" అని ఏ నగరమునందైనను కేక లేచెడి కాలమది. హైడెన్‌హైమ్ మార్చలేదు. ఇది దృఢత్వమా, మూర్ఖపు పట్టా? ఫలితమును బట్టి పేరు పెట్టుట లోకపు అలవాటు. నేను మాత్రము ఆ జట్టు దిగిపోయి యున్నను దృఢత్వమనియే అనియుందును. క్రింది మెట్టున ఎట్లు బ్రతుకవలెనో ఎఱిగిన జట్టునకు దిగుటవలన భయము తక్కువ.

ఆ యేడు 29 పాయింట్లతో హైడెన్‌హైమ్ 16వ స్థానమున నిలిచి, క్రిందినుండి వచ్చు జట్టుతో రెండు ఆటలు ఆడవలసినదైనది. అయిదేండ్ల క్రితము బ్రేమెన్ నిలిచినచోట ఇప్పుడు తాను నిలిచినది. ఎదుట నిలిచినది ఎల్వెర్స్‌బెర్గ్. అది జార్‌లాండ్ రాష్ట్రమున ఇంచుమించు 13,000 జనము గల ఊరు, హైడెన్‌హైమ్‌లో నాల్గవవంతు. ఆ ఊరి జట్టెన్నడును బుందెస్‌లీగాలో ఆడలేదు. మొదటి ఆట కొండమీద 2-2 గా ముగిసెను. రెండవ ఆట 2025 మే 26వ తేదీన ఎల్వెర్స్‌బెర్గ్‌లో జరిగినది. తొంబది నిమిషములు ముగిసినను 1-1. రిఫరీ కలిపిన కాలమున అయిదవ నిమిషమునందు హైడెన్‌హైమ్ గోలు చేసి 2-1 గా గెలిచినది, బుందెస్‌లీగాలో నిలిచినది.

చిన్న ఊళ్ల పక్షమున వాదించుటకు పూనుకొన్న నాకు ఆనాటి ఆటలో ఎవరి పక్షము పట్టవలెనో తోచలేదు. రెండేండ్ల క్రితము జాండ్‌హౌజెన్‌లో హాంబర్గువారికి కలిగిన దుఃఖమే ఎల్వెర్స్‌బెర్గ్ వారికిని కలిగెను. హాంబర్గువారిని జూచి నేను లోలోపల కొంత సంతోషించితినని ఒప్పుకొందును. ఎల్వెర్స్‌బెర్గ్ పిల్లలు మెడలో జట్టు రంగుల గుడ్డలు చుట్టుకొని, ఆట ముగిసినను గట్టుమీదనుండి దిగక నిలిచియుండుట తలచుకొన్నప్పుడు మాత్రము నాకు సంతోషము కలుగలేదు.